బాలింత పథ్యమూ మొలలూ

మొలలకు మందేమిటని అడిగితే ఊళ్లో తలా ఒకటి చెబుతారు: కంద కూర, ముల్లంగి రసం, వాము కలిపిన మజ్జిగ, ఆముదం, జిల్లేడు పాలు. అందులో దేన్ని నమ్మాలో తేల్చుకోవాలంటే, అది విరేచనాన్ని మెత్తబరుస్తుందా అని చూడండి. మొలలంటే మలద్వారం దగ్గర ఉబ్బిన రక్తనాళాలు. గట్టి మలం వాటిని ఒరుసుకుంటుంది, ముక్కితే ఇంకా ఉబ్బుతాయి.

అయితే పీచు తింటే సరిపోతుందా? చాలావరకు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2005లో ఏడు ప్రయోగాలను, 378 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. పీచు తీసుకున్నవాళ్లలో రక్తం పడడం సుమారు సగానికి తగ్గింది. రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి. కప్పు తెల్లన్నంలో గ్రాము కూడా ఉండదు, ఒక మోస్తరు జామకాయలో 5 గ్రాముల దాకా ఉంటుంది. పెద్ద చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టు మరో 4 గ్రాములు ఇస్తుంది. దాన్ని నిండు గ్లాసు నీళ్లతోనే తాగాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. ఫలితానికి కొన్ని వారాలు ఆగాలి.

ఆడవాళ్లకు ఈ బాధ ఎక్కువగా కాన్పు చుట్టూ మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పేగుల కదలిక మందగిస్తుంది, గర్భసంచి బరువు రక్తనాళాలను నొక్కుతుంది. దానికి తోడు ఐరన్ మాత్రలు: రోజుకు 60 మిల్లీగ్రాములు, 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. మలబద్ధకం వస్తుందని వాటిని మానేయకండి, పీచు పెంచండి. ఇసబ్‌గోల్‌కూ మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి.

ఆ తర్వాత పథ్యం. బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే పొట్ట జారుతుందని, ఆకుకూర పడదని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. బిడ్డకు పాలరూపంలో రోజుకు ముప్పావు లీటరు పోతుంటే తల్లికి నీళ్లు కట్టేయడం ఏం లెక్క? కారప్పొడి అన్నం మీద కోప్పడను గానీ, పక్కన బీరకాయ కూర, చెంబుడు నీళ్లు ఉండాల్సిందే.

గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే నొప్పి సర్దుకుంటుంది. జిల్లేడు పాలు మాత్రం ఒళ్లు కాలుస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఆముదం, సునాముఖి గర్భిణులు డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.

కాస్త రక్తమే కదా అనుకుంటారేమో. టీ చెంచాడు రక్తంతో సుమారు 2 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. రోజంతా తిన్న తిండి నుంచి ఒంటికి పట్టేదీ ఇంచుమించు అంతే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి అసలే రక్తహీనత ఉంది.

అందుకే రక్తం పడితే ఒకసారైనా డాక్టరుకు చూపించుకోవాలి. నలభై అయిదు దాటినవాళ్లు, బరువు తగ్గుతున్నవాళ్లు అసలు ఆగకూడదు. మలం నల్లబడడానికి ఐరన్ మాత్రలూ కారణం కావచ్చు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం అదే రోజు వెళ్లండి.