షుగర్ ఉన్న మగవాళ్లు డాక్టర్‌కు చెప్పని సమస్య

షుగర్ వచ్చి ఏడెనిమిదేళ్లయిన మగవాళ్లు డాక్టర్ దగ్గర కాళ్ల తిమ్మిర్లు చెబుతారు, చూపు మసకబారుతోందని చెబుతారు. పడకగది సంగతి మాత్రం దాచేస్తారు. పక్కన కొడుకో, బేగమో ఉంటే అసలే నోరు పెగలదు. చివరికి గోడ మీద 'మర్దానా కమ్జోరీ' ప్రకటన చూసి ఆ నంబర్‌కు ఫోన్ చేస్తారు. షుగర్‌ను నయం చేస్తామని, లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడల మీద రాతలు మాత్రం ఆగలేదు.

అంగస్తంభన జరగాలంటే నరాలు సంకేతాన్ని మోసుకెళ్లాలి. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై రక్తనాళాలు వదులవ్వాలి. అప్పుడే రక్తం నిండుగా చేరుతుంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అటు నరాలు, ఇటు నాళాలు రెండూ పాడవుతాయి. షుగర్ ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉంటుంది. మిగతావాళ్ల కంటే పది పదిహేనేళ్లు ముందే రావచ్చు కూడా.

అసలు భయపడాల్సింది గుండె గురించి. అంగానికి రక్తం తెచ్చే నాళం వెడల్పు 1-2 మిల్లీమీటర్లే. గుండె నాళాలు 3-4 మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకుంటే సన్నటి గొట్టంలోనే ముందు తేడా తెలుస్తుంది. అందుకే కొందరిలో ఈ సమస్య గుండెజబ్బు కంటే రెండు మూడేళ్లు ముందు కనిపిస్తుంది. సిగ్గుపడి దాచేస్తే ఆ హెచ్చరిక వృథా అయినట్టే.

షుగర్ అదుపులో పెడితే లాభం ఉంటుందా? అమెరికా, కెనడాల్లో టైప్ 1 షుగర్ ఉన్న 1,441 మందిని 1983 నుంచి 1993 వరకు పరిశీలించారు. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లలో నరాల దెబ్బ దాదాపు 60 శాతం తగ్గింది. అయితే ఇప్పటికే పాడైన నరాలు పూర్తిగా కోలుకుంటాయని హామీ లేదు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. పొద్దున ఫాస్టింగ్ షుగర్ ఒక్కటే చూసుకుంటే ఆ రోజు బ్యాలెన్స్ మాత్రమే తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల స్టేట్‌మెంట్ లాంటిది. చాలామందికి అది 7 శాతం లోపు ఉండాలంటారు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు లెక్క వేరు, డాక్టరే చెప్పాలి. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, పొట్ట చుట్టూ కొవ్వు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు షుగర్ ఉన్నవాళ్లకూ పనిచేస్తాయి, కాకపోతే కాస్త తక్కువగా. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు వాటిని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. 'దేశీ దవా' అని అమ్మే పొడుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన ఉదంతాలు ఎన్నో బయటపడ్డాయి. గుండె మందులు వాడేవాళ్లకు అసలు ముప్పు అక్కడే.

బీపీ మాత్రల్లో కొన్ని కూడా ఈ ఇబ్బందిని పెంచుతాయి. అలాగని సొంతంగా మానేయకూడదు, మార్చమని అడగాలి. కోరికే తగ్గిపోతే టెస్టోస్టిరాన్ పరీక్ష రాయించుకోవాలి. దానికి రక్తం ఉదయం పూటే ఇవ్వాలి. ఇంటివాళ్ల ముందు చెప్పలేకపోతే, వాళ్లను కాసేపు బయట కూర్చోమని డాక్టరే చెబుతారు. ఆ మాట చీటీ మీద రాసి ఇచ్చినా చాలు.