తప్పు అమ్మమ్మ చెవులది కాదు

మా అమ్మమ్మకి వినికిడి తగ్గిందని ఇంట్లో అందరం తేల్చేశాం. డీవీడీ ప్లేయర్ మూలన పడిందని, సెలవుల్లో నేను డిస్కులన్నీ ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌తో టీవీకి తగిలించాను. మాటలొచ్చినప్పుడు "ఏమన్నాడ్రా?" అంటుంది. సౌండ్ పెంచితే, ఫైటు రాగానే కిటికీలు అదురుతాయి. నాలుగు రోజులకి "నిద్రొస్తోంది, మీరు చూడండి" అని లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పాత నలుపు తెలుపు సినిమా పెడితే మాత్రం, ప్రతి జోకుకీ మాకంటే ముందే నవ్వింది! అప్పుడు నా ఫైళ్ల మీద అనుమానం వచ్చింది.

ఆ పాత సినిమా మోనో. మాటా పాటా అన్నీ ఒకే ట్రాకులో ఉంటాయి. కొత్త సినిమాల డీవీడీల్లో ఎక్కువగా 5.1 ఉంటుంది. అంటే ముందు మూడు, వెనక రెండు, దద్దరిల్లే బేస్‌కి ఒకటి. మాటలు దాదాపు అన్నీ ముందు మధ్యలో ఉండే సెంటర్ ఛానల్‌లోనే. మన టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. ఆరింటినీ రెండుగా కలిపే మామూలు సూత్రంలో ముందు పక్క ఛానల్ 1 వంతు అయితే, సెంటరూ వెనకవీ 0.707 వంతు. కలిపాక శబ్దం పగలకుండా మొత్తాన్ని ఇంకా తగ్గిస్తారు. మాటలు సంగీతం కింద నలిగిపోతాయి.

సరే, వాల్యూమ్ పెంచి సేవ్ చేద్దామనుకున్నా. దండగ. సినిమాలో ఒక్క బాంబు పేలినా అది అప్పటికే గరిష్ఠ స్థాయిలో ఉంటుంది, ఇక పెంచడానికి చోటుండదు. తగ్గించాల్సింది గుసగుసకీ పేలుడుకీ మధ్య ఉన్న దూరాన్ని, అంటే డైనమిక్ రేంజ్‌ని.

హ్యాండ్‌బ్రేక్ వాడేవాళ్లకి ఆడియో ట్యాబులో డీఆర్‌సీ అని ఉంటుంది. 1 నుంచి 4 దాకా పెట్టొచ్చు. 2.5 మా ఇంటికి సరిపోయింది. 4 పెడితే గుసగుసా గావుకేకా ఒక్కలాగే వినిపించి చిరాకేసింది. ఒక్క జాగ్రత్త: ఆడియోని పాస్‌త్రూలో వదిలేస్తే డీఆర్‌సీ పనిచెయ్యదు. నేను ఒక రాత్రంతా అలాగే పోగొట్టుకున్నా.

కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పాన్ ఫిల్టర్‌తో పాళ్లు మనమే నిర్ణయించుకోవచ్చు. నేను సెంటర్ 0.5, ముందు పక్క 0.3, వెనక 0.2 ఇచ్చాను. కూడితే 1 దాటదు కాబట్టి శబ్దం పగలదు. తర్వాత లౌడ్‌నార్మ్ ఫిల్టర్ వేస్తే మొత్తం స్థాయి పైకొస్తుంది. అది శాంపిల్ రేటుని 192 కిలోహెర్ట్జ్‌కి తీసుకెళ్తుంది కాబట్టి చివర్లో 48కి దించండి. సినిమా మొత్తం మార్చేముందు ఒక మాటల సీను, ఒక ఫైటు ఉన్న రెండు నిమిషాల ముక్క చేసి టీవీలోనే వినండి. హెడ్‌ఫోన్స్‌లో అన్నీ బాగానే ఉంటాయి.

పోయిన ఆదివారం అమ్మమ్మ, తను మధ్యలో వదిలేసిన సినిమా చివరిదాకా చూసింది. అయ్యాక నా వైపు తిరిగి, "ఈ మాటలు వినడానికేనా నేను అంత తాపత్రయపడింది?" అంది.