చల్లని సరస్సులలో ఎరువు చేయు పని

చేనికి బలమిచ్చు ఎరువు నీటిలో చేరిన నేమి చేయునో రైతు సోదరులు తెలిసికొనుట యుక్తమని మేము తలంచుచున్నాము. కెనడా, స్వీడను మొదలగు ఉత్తరదేశములలోని చల్లని సరస్సు లనేకము మిక్కిలి తేటగా నుండును. వెలుతురు అడుగువఱకు దిగుటచే రాళ్లమీదను, ఒండ్రుమీదను పాచి పెరుగును. ఒండ్రుమీది పాచికి వలయు భాస్వరము, నత్రజని చాలవఱకు ఆ ఒండ్రునుండియే లభించును. దానికి కొఱత వెలుతురే. పురుగులును, వానిని తిను చేపలును ఈ పాచి నాశ్రయించి బ్రతుకును.

నీట తేలియాడు పాచికి మాత్రము ఎరువే కొఱత. 1973లో కెనడాలోని ఒంటారియోయందు 226వ సంఖ్య గల సరస్సును డేవిడ్ షిండ్లరు మొదలగు శాస్త్రజ్ఞులు తెరకట్టి రెండు భాగములు చేసిరి. రెంటను కర్బనము, నత్రజని వేసి, ఒకదానియందు మాత్రమే భాస్వరమును గూడ చేర్చిరి. ఆ భాగమే పచ్చబడెను. పైనీరిట్లు పచ్చబడినచో వెలుతురు లోనికి దిగదు. అడుగు పాచి క్షీణించును. గట్టు చెంత, లోతు తక్కువ చోట, రాతిపాచి మాత్రము పెరుగవచ్చును.

మన చెరువులు ఉష్ణదేశమునందలివి; అచటి లెక్క యిచట నట్లే చెల్లదు. అయినను వానకు కొట్టుకొనిపోయిన ఎరువు చేనికి దక్కదు, నీటికిని మేలు చేయదు. కావున పెద్దవాన రాబోవువేళ ఎరువు చల్లక, గట్లు బాగుచేసికొని, పైరునకు వలసినంతయే వాడవలెనని సభ్యులను కోరుచున్నాము.