దెబ్బతిన్న యుద్ధనౌక: మునకకూ మనుగడకూ మధ్య

యుద్ధనౌక అనగానే మన మనస్సులో మెదిలేవి పెద్ద పెద్ద ఫిరంగులు, దళసరి ఉక్కు కవచం, సముద్రాన్ని చీల్చుకొనిపోయే వేగం. శత్రువును కొట్టగల శక్తిని బట్టి నౌక గొప్పతనాన్ని కొలవడం లోకానికి అలవాటు. కాని తాను దెబ్బ తిన్న తరువాత ఆ నౌక ఎంతసేపు తేలి ఉండగలదన్నది వేరొక ప్రశ్న. వేలమంది నావికుల ప్రాణాలు ఆధారపడి ఉండేది దీనిమీదనే. ఈ ప్రశ్నకు రెండవ ప్రపంచయుద్ధం చెప్పిన సమాధానాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

ఆ యుద్ధం మన తీరాన్ని కూడా తాకినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన జపాను విమానాలు బంగాళాఖాతంలోనికి వచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచినవి. ఆ దళానికి నాయకుడు వైస్ అడ్మిరల్ ఒజావా. రెండు సంవత్సరాల తరువాత అదే ఒజావా ఎక్కిన సరికొత్త నౌక ఒకే ఒక టార్పెడో దెబ్బకు సముద్రగర్భం చేరినది. కాగా, నిలువునా తగులబడి, 800 మందికి పైగా నావికులను పోగొట్టుకొన్న ఒక అమెరికను నౌక స్వదేశానికి తిరిగి వెళ్ళినది. ఇంతటి వ్యత్యాసానికి కారణమేమి?

ముందుగా నౌక మునిగే తీరు తెలిసికొందాము. ఆర్కిమెడీసు సూత్రం మన విద్యార్థులకు తెలిసినదే. నౌక తన బరువుకు సమానమైన నీటిని తొలగించగలిగినంతకాలం తేలుతుంది. అడుగున రంధ్రం పడి నీరు చొరబడితే ఆ సమతూకం చెడుతుంది. అందుచేత యుద్ధనౌక లోపలి భాగాన్ని అడ్డుగోడలతో వందలాది గదులుగా విభజిస్తారు. ఒక గది నిండినా నీరు పక్కగదిలోనికి పోకుండా గట్టి తలుపులు బిగిస్తారు. ఆ తలుపులు మూసి ఉన్నంతవరకు నీటిని ఎక్కడికక్కడ కట్టివేయవచ్చును.

లోపలికి వచ్చిన నీటి బరువు ఒక ప్రమాదమైతే దాని కదలిక మరొక ప్రమాదం. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి పట్టుకొని నడిస్తే ఈ సంగతి బోధపడుతుంది. పళ్ళెం ఏ కాస్త ఒరిగినా నీళ్ళన్నీ ఆ వైపుకే పరుగెత్తి దానిని మరింత ఒరగదీస్తాయి. 1942 ఫిబ్రవరిలో న్యూయార్కు రేవులో సైనికుల రవాణాకై మారుస్తున్న నార్మండీ అనే ప్రయాణికుల ఓడకు నిప్పంటుకొన్నది. మంటలార్పడానికి పోసిన నీరే పై అంతస్తులలో నిలిచిపోగా, ఆ మహానౌక రేవులోనే పక్కకు ఒరిగి పడిపోయినది. యుద్ధనౌక ఒక పక్కకు ఒరిగినప్పుడు నావికులు రెండవ పక్క గదులలోనికి తామే నీరు వదలి సమం చేస్తారు. కాని ఇది అప్పు చేసి అప్పు తీర్చడం వంటిది, కొంతవరకే చెల్లుతుంది.

రెండవ శత్రువు అగ్ని. మందుగుండు నిలువచేసిన కొట్టులోనికి నిప్పు చేరితే మానవప్రయత్నానికి అవకాశమే ఉండదు. 1941 మే 24న జర్మను నౌక బిస్మార్కుతో పోరాడుతూ హుడ్ అనే బ్రిటిషు నౌక ఈ విధంగానే పేలిపోయినది. అందులో ఉన్న 1,418 మందిలో మిగిలినవారు ముగ్గురే. అయితే అన్ని నౌకలూ ఇట్లా క్షణాలలో నశించలేదు. చాలా నౌకలకు గంటల వ్యవధి దొరికినది. ఆ గంటలలో ఏమి జరిగినదన్నదే మన విషయం.

1942 మే 8న కోరల్ సముద్ర యుద్ధంలో లెక్సింగ్టన్ అనే అమెరికను విమానవాహక నౌకకు రెండు టార్పెడోలు, కొన్ని బాంబులు తగిలినవి. నావికులు మంటలార్పారు, ఒరిగిన నౌకను సరిచేశారు, తిరిగివచ్చిన విమానాలను దింపుకొన్నారు. గండం గడిచినదనుకొన్నారు. కాని టార్పెడోల అదురుకు పగిలిన తొట్ల నుండి విమానాల పెట్రోలు ఆవిరి లోపలి గదులలో కంటికి కనబడకుండా వ్యాపించినది. మధ్యాహ్నం ఒక విద్యుత్ యంత్రపు నిప్పురవ్వ దానిని అంటించినది. వరుస పేలుళ్ళతో నౌకను విడిచిపెట్టక తప్పలేదు. 216 మంది మరణించారు.

ఈ ప్రమాదానికి విరుగుడు యార్క్‌టౌన్ అనే నౌకలో కనబడుతుంది. అదే యుద్ధంలో బాంబు దెబ్బ తిని పెరల్ హార్బరు చేరిన ఈ నౌకను బాగుచేయడానికి మూడు నెలలు పట్టునని అంచనా వేయగా, కార్మికులు రాత్రింబవళ్ళు శ్రమించి మూడు రోజులలో యుద్ధానికి పంపారు. అందులో ఆస్కార్ మైయర్స్ అనే ఉద్యోగి ఒక ఉపాయం అమలుచేశాడు. దాడికి ముందు పెట్రోలు గొట్టాలను ఖాళీచేసి, వాటిలో మంటను చంపే బొగ్గుపులుసు వాయువును నింపడమే ఆ ఉపాయం. జూన్ 4న మిడ్వే యుద్ధంలో యార్క్‌టౌన్‌కు మూడు బాంబులు తగిలినా పెట్రోలు అంటుకొనలేదు. రెండు గంటలలోపుగా మంటలార్పి, బాయిలర్లు వెలిగించి నౌకను మళ్ళీ నడిపారు. రెండవసారి వచ్చిన జపాను వైమానికులు దీనిని దెబ్బతినని వేరొక నౌకగా భ్రమించారు. టార్పెడోలతో మళ్ళీ కొట్టినా అది వెంటనే మునగలేదు. జలాంతర్గామి మరొకసారి దెబ్బతీసిన తరువాత 7వ తేదీ ఉదయమే మునిగినది.

అదే రోజున జపాను నౌక అకాగీ నేరుగా తగిలిన ఒకే బాంబుకు అగ్నికి ఆహుతి అయినది. మూసి ఉన్న హ్యాంగరులో పెట్రోలు నింపిన విమానాలు నిలిచి ఉండడం, విప్పిన బాంబులు, టార్పెడోలు కొట్టుకు చేరకుండా బయటనే పడి ఉండడం అందుకు కారణం.

ఇక ఒజావా నౌక సంగతి. తైహో పైతట్టుకు కూడా కవచం గలది, 1944 మార్చిలో పూర్తయినది. జూన్ 19న అమెరికను జలాంతర్గామి అల్బకోర్ వదలిన టార్పెడో ఒకటి తగిలినది. వేగం పెద్దగా తగ్గలేదు. నౌక ప్రయాణం సాగించినది. కాని లోపల పెట్రోలు కారుతున్నది. ఆవిరిని బయటకు పంపాలన్న సదుద్దేశంతో గాలి మార్గాలన్నిటినీ తెరిపించగా, ఒకచోట ఉన్న ఆవిరి నౌకంతటా పరచుకొన్నది. దెబ్బ తిన్న ఆరు గంటల తరువాత నౌక పేలినది. అజ్ఞానంతో చేసిన చికిత్స వ్యాధికంటె ప్రమాదకరమైనది.

అదే సంవత్సరం నవంబరు 29న మునిగిన షినానో ఆనాటికి ప్రపంచంలో అతిపెద్ద విమానవాహక నౌక. తొందరపాటుతో దానిని అసంపూర్ణంగానే సముద్రంలోనికి పంపారు. నీటిని ఆపవలసిన ఏర్పాట్లు కొన్ని పూర్తికాలేదు, గదులను సరిగా పరీక్షించలేదు, నావికులలో అనేకులు కొత్తవారు. నాలుగు టార్పెడోలు తగిలిన ఏడెనిమిది గంటలకు 1,435 మందితో అది మునిగినది. అంతటి ఉక్కు ఉండి కూడా బిగించని తలుపుల లోటు తీరలేదు.

చివరగా, స్వదేశం చేరిన నౌక ఫ్రాంక్లిన్. 1945 మార్చి 19న జపాను తీరానికి సమీపంలో, పెట్రోలు, బాంబులు నింపిన విమానాలు కిక్కిరిసి ఉన్న సమయంలో దానికి రెండు బాంబులు తగిలినవి. అకాగీ స్థితియే దీనికీ వచ్చినది. అయినను నావికులు నీటి గొట్టాలు విడువలేదు. మతాచార్యుడైన జోసెఫ్ ఓకల్లహాన్ వారిలో ధైర్యం నింపుతూ తానే మంటలార్పే పనికి పూనుకొన్నాడు. పొగలో చిక్కుకొన్న సుమారు 300 మందిని ఇంజనీరింగు విభాగపు అధికారి డొనాల్డ్ గేరీ చీకటిలో దారి వెదకి, మూడుసార్లు తిరిగివెళ్ళి మరీ బయటకు నడిపించాడు. ఫ్రాంక్లిన్ సుమారు 12,000 మైళ్ళు ప్రయాణించి ఏప్రిల్ నెలాఖరుకు న్యూయార్కు చేరినది.

జపాను నావికులకు ధైర్యసాహసాలు తక్కువని ఎవరూ అనలేరు. తేడా తయారీలో ఉన్నది. అమెరికా నౌకాదళం యుద్ధకాలంలో మంటలార్పే పాఠశాలలు నెలకొల్పి వేలాది సామాన్య నావికులకు ఆ విద్య నేర్పినది. గొట్టం పట్టడం, పంపు నడపడం, చీకటిలో తలుపు గుర్తించడం నిపుణులకే కాక వంటవానికి, గుమాస్తాకు కూడా తెలియవలెనని భావించినది. మన విద్యార్థుల వయస్సువారే అయిన ఆ యువకులకు, రేవులో ఉన్నప్పుడు పదేపదే చేయించిన ఆ అభ్యాసం విసుగు పుట్టించే ఉంటుంది. తలుపు మూయుట, గొట్టం ఖాళీచేయుట, బాంబును కొట్టుకు చేర్చుట ఎవరూ మెచ్చుకొనని చిన్నపనులు. కాని దెబ్బ తగిలిన తరువాత వాటిని నేర్చుకొనేందుకు వ్యవధి ఉండదు. నౌక భవితవ్యం చాలావరకు అంతకుముందే, ఆ చిన్నపనులు జరిగిన రోజున గాని, జరగని రోజున గాని నిర్ణయమైపోయి ఉంటుంది.