పగిలిన సౌండు

సిరిసిల్ల బీవై నగర్‌లో మనుషుల కంటే ముందు సాంచాలు పలకరిస్తాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. రేకుల షెడ్డులో ఒక్కో సాంచా దగ్గర ఒకే పని తెంపు లేకుండా సాగుతుంటుంది. ఒక కర్ర నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు విసురుతుంది, నాడె వెళ్లి పెట్టెలో ధడేలున ఆగుతుంది, పన్నె ముందుకొచ్చి కొత్త పోగును బట్టలోకి గుద్దుతుంది. పాత తరహా సాంచా ఈ తంతును నిమిషానికి 100 నుంచి 150 సార్లు చేస్తుంది. హెవీ మెటల్ పాటల్లో చాలావాటి నడక కూడా అంతే ఉంటుంది.

ఈ అంకె కలవడం కాకతాళీయమే కావచ్చు. ఆ సంగీతం పుట్టిన చోటు మాత్రం సిరిసిల్లకు దూరపు చుట్టమే. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఇనుము సాగగొట్టి బతికిన ఊరు. ఆ ఊళ్లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1965లో, ఉద్యోగం మానేసి బ్యాండుతో వెళ్లిపోదామనుకున్న ఆఖరి రోజున, మిషను కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అయోమీది ఎడమచేతి వాటం. గిటారు తీగల మీద నొక్కేది ఆ కుడిచేతి వేళ్లతోనే. పని అయిపోయిందనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటారు వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది. అయోమీ గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకు టోపీల్లాంటివి చేసుకుని, వాటికి తోలు ముక్కలు అంటించుకున్నాడు.

తోలు టోపీ వేలికి తీగ స్పర్శ తెలియదు, గట్టి తీగను వంచడమూ కష్టమే. అందుకని సన్నతీగలు వేసుకున్నాడు. కొన్నాళ్లకు వాటి బిగువు కూడా తగ్గించాడు. బిగువు సంగతి సాంచా నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు, పోగు వదులైతే బట్ట పాడవుతుంది. తీగ వదులైతే మాత్రం స్వరం దిగుతుంది, అదీ లెక్క ప్రకారం. తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందనేది దాని బిగువుకు వర్గమూలం లెక్కన మారుతుంది. అయోమీ గిటారు వాయించే బ్లాక్ సబ్బత్ బ్యాండు 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బంలో కొన్ని పాటలకు గిటారును మూడు మెట్లు దించింది. అంటే తీగల బిగువులో సుమారు 30 శాతం తగ్గించారన్నమాట. సెకనుకు 82 సార్లు ఊగాల్సిన లావు తీగ 69 సార్లే ఊగింది. నొప్పి తగ్గించుకోవడానికి పట్టిన ఉపాయం ఆ తర్వాత వేలమంది గిటారిస్టులకు శైలి అయింది.

మరి మెటల్ గిటారులో వినిపించే ఆ గరగర ఎక్కడిది?

కోరుట్లలో పెళ్లి బరాత్ వెంట నడిచిన ఎవరికైనా అది తెలిసిన శబ్దమే. డీజే బండి మీద వాల్యూమ్ చివరిదాకా తిప్పగానే పాట గరగరలాడుతుంది, పక్కనున్నవాళ్లు ‘సౌండు పగులుతుంది, తగ్గించన్నా’ అని అరుస్తారు. ఆ మాట సైన్సు ప్రకారం కూడా సరైనదే. ఏ ఆంప్లిఫయరైనా తన శక్తి మేరకే సిగ్నల్‌ను పెంచగలదు. అంతకు మించి తోస్తే అల తల తెగుతుంది. నున్నటి గుండ్రటి అల కాస్తా కొడవలితో కోసినట్టు చదునవుతుంది. ఆ పదునైన అంచుల్లోంచి అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, ఐదింతల కంపనాలు కొత్తగా పుట్టుకొస్తాయి. వాటి మూలానే గొంతు బరువెక్కుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. తల తెగాక పెద్ద శబ్దం, చిన్న శబ్దం దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి గనక, ఒక్కసారి మీటిన తీగ చాలాసేపు మోగుతూనే ఉన్నట్టు వినిపిస్తుంది. 1964లో ది కింక్స్ బ్యాండు గిటారిస్టు డేవ్ డేవిస్ ఇంకాస్త మొరటుగా పోయాడు. స్పీకరు కాగితాన్నే బ్లేడుతో కోసి, ఆ చిరుగు శబ్దంతో ఒక హిట్టు పాట వాయించాడు. మైక్‌సెట్టు కుర్రాడు తిట్లు తినే తప్పును వీళ్లు ముడిసరుకుగా వాడుకున్నారు.

అయితే ఈ పగుళ్లకు ఒక షరతు ఉంది. మూడు నాలుగు స్వరాలు కలిపి వాయిస్తే, పగిలిన సౌండులో వాటి కూడికలు, తీసివేతలు కొత్త స్వరాలుగా పుట్టి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. షడ్జమం, పంచమం రెండే అయితే ఆ గొడవ లేదు. వాటి నిష్పత్తి 2:3. సా 82.4 దగ్గర, పా 123.6 దగ్గర ఉంటే వాటి తేడా 41.2, అంటే కింది స్థాయి షడ్జమమే. ఎవరూ వాయించని ఆ మంద్ర స్వరం ఆంప్లిఫయర్‌లో దానంతటదే పుడుతుంది. మెటల్‌వాళ్లు పవర్ కార్డ్ అని పిలుచుకునేది ఇదే. తంబూరా మీటినా ఆ సా, పాలే మోగుతాయి. తంబూరా తీగ కింద జీవాళి దారం సర్ది నాదానికి జీరను తెచ్చే పనికీ, గిటారు సౌండును పగలగొట్టే పనికీ చుట్టరికం ఉంది. కచేరీ రసికులు ఈ పోలికకు ముఖం చిట్లిస్తే చిట్లించనీయండి.

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బంలో మొదటి పాటే ఇంకో స్వరం చుట్టూ తిరుగుతుంది. షడ్జమం నుంచి ఆరు మెట్లు పైన ఉండే ఆ స్వరాన్ని పడమటివాళ్లు దయ్యపు స్వరం అన్నారు. చర్చి దాన్ని నిషేధించిందనే కథ కూడా ఒకటి ప్రచారంలో ఉంది, దానికి ఆధారం లేదు. మన లెక్కలో అది ప్రతిమధ్యమం. కల్యాణి రాగంలో ఉన్నది అదే. అక్కడ భయపెట్టడానికి వాడిన స్వరంతోనే మన నాదస్వరం పెళ్లిపందిట్లో శుభం పలుకుతుంది.

ఆ ఆల్బం తయారైన తీరు ఇప్పటివాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. 1969 అక్టోబరులో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, రోజర్ బెయిన్ నిర్మాణంలో, ఒక్క రోజులో దాదాపు అంతా వాయించేశారు. ఉన్నవి నాలుగే ట్రాకులు. వాన, పిడుగు, గంట శబ్దాలు తర్వాత చేర్చారు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం, ఆల్బం విడుదలైంది.

నేటి పద్ధతి వేరు. ముందు డ్రమ్ములు. చెవిలో టిక్ టిక్ అని తాళం వినిపిస్తుంటే డ్రమ్మరు ఒక్కడే వాయిస్తాడు. రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతూ, నిమిషానికి 180 తాళపు నడకలో ఒక్కో దెబ్బను నాలుగుగా విడగొడితే సెకనుకు 12 దెబ్బలు. అంత వేగంలో పెద్ద డ్రమ్ము బొంగురు నాదం ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతుంది. అందుకే ఇంజనీర్లు దాని అడుగు నాదాన్ని కొంత తగ్గించి, సుత్తి తగిలిన ‘టక్’మనే చప్పుడును పైకి తెస్తారు. జగిత్యాల గల్లీల్లో బోనాలప్పుడు డప్పు విన్నవాళ్లకు ఈ సూత్రం చెవికి పట్టే ఉంటుంది. సిర్రతో కొడితే బరువైన మోత, సిటికెన పుల్లతో కొడితే పదునైన చప్పుడు. దూరంగా ఉన్నవాడికి దరువు విడివిడిగా అందేది ఆ రెండోదాని వల్లే. మధ్యమధ్య డప్పును మంట దగ్గర పట్టుకోవడం ఎందుకంటే, వేడికి తోలులో చెమ్మ ఆరి బిగువు పెరుగుతుంది, గొంతు పైకి లేస్తుంది. అయోమీ చేసినదానికి ఇది సరిగ్గా తిరగబడ్డ పని.

తర్వాత గిటార్లు. ఒకే వరసను గిటారిస్టు రెండుసార్లు వాయిస్తాడు, ఒకటి ఎడమ స్పీకరుకు, ఒకటి కుడి స్పీకరుకు. ఎంత గట్టివాడైనా రెండుసార్లు అచ్చుగుద్దినట్టు వాయించలేడు. సెకనులో వందో వంతు తేడాలు వస్తాయి, ఆ తేడాలే సౌండును గోడలా వెడల్పు చేస్తాయి. ఒకే వాయింపును రెండు పక్కలా కాపీ చేస్తే ఈ ఫలితం రాదు. సాంచాల షెడ్డులోనూ ఇదే నడుస్తుంది. ఒకటి నిమిషానికి 120 సార్లు, పక్కది 122 సార్లు కొడుతుంటే, 30 సెకన్లకోసారి రెండూ జతకలిసి మళ్లీ విడిపోతాయి. ఆ మోత అలలు అలలుగా వస్తున్నట్టు అనిపించడం అందుకే.

ఈ పనులన్నిటికీ ఇప్పుడు లండన్ అక్కర్లేదు. విశాఖపట్నంలో 2014లో మొదలైన అగైన్‌స్ట్ ఈవిల్ బ్యాండు మరుసటేడు ఫేటల్ అసాల్ట్ అనే చిన్న రికార్డు తెచ్చింది. 2018లో పూర్తిస్థాయి ఆల్బం ఆల్ హెయిల్ ది కింగ్ వచ్చింది. దాన్ని బయటికి తెచ్చింది జర్మనీలోని డాక్ గేటర్ రికార్డ్స్. 2021లో ఎండ్ ఆఫ్ ది లైన్, 2023లో గివ్ ఎమ్ హెల్ వచ్చాయి. హైదరాబాద్ మూలాలున్న గాడ్‌లెస్ ఇంకా కరుకైన డెత్ మెటల్ బాట పట్టి 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బం తెచ్చింది. పాటలు ఇంగ్లీషులోనే. సినిమా పాట రాజ్యమేలే తెలుగునేల మీద గిటారు గోడలు కట్టుకునే ఈ కుర్రాళ్లకు మన పత్రికల్లో దక్కిన చోటు తక్కువేనని చెప్పాలి.

ఆదరణ విషయంలో మెటల్‌కు మొదటినుంచీ ఎదురుగాలే. బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బంను రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ చీల్చి చెండాడాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ జాబితాలో అది 8వ స్థానానికి, అమెరికాలో 23కి ఎక్కింది. 2008లో కథ తిరగబడింది. మెటాలికా బ్యాండు డెత్ మాగ్నెటిక్ ఆల్బంను విమర్శకులు మెచ్చుకుంటే, సౌండు మరీ పగిలిందని అభిమానులే గోలపెట్టారు. తుది మెరుగుల్లో అంతటినీ ఒకే ఎత్తుకు తోసి, మెల్లగా ఉండాల్సిన చోట్లను కూడా గట్టిగా చేసేశారని వాళ్ల ఫిర్యాదు. అదే ఆల్బం గిటార్ హీరో వీడియో గేములో అంత తోపిడి లేకుండా ఉండటంతో, చాలామంది దాన్నే వెతుక్కుని విన్నారు. గిటారు పగలడం వాళ్లకు ఇష్టమే, ఆల్బం మొత్తం పగలడం ఇష్టం లేదు. ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లు పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే గట్టితనానికి సర్దేస్తున్నాయి గనక, అందరికంటే గట్టిగా వినిపించాలన్న పోటీ వేడి కొంత చల్లారింది.

ఈ పాటలు వింటే కోపం పెరుగుతుందా అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో షార్మన్, డింగిల్ అనే పరిశోధకులు 39 మంది మెటల్ అభిమానులకు ముందు కోపం తెప్పించి, తర్వాత కొందరికి పది నిమిషాలు వాళ్లకిష్టమైన పాటలు వినిపించారు, మిగతావాళ్లను మౌనంగా కూర్చోబెట్టారు. 2015లో వచ్చిన ఆ పరిశోధనలో సంగీతం కోపాన్ని ఎగదోయలేదు, చిరాకు తగ్గింది, పైగా ఉత్సాహంగా ఉందన్నారు. వాళ్లంతా ముందే అభిమానులన్నది మరిచిపోకూడదు. ఇష్టం లేనివాడికి అవే పాటలు పెడితే ఏమవుతుందో ఇంట్లో పెట్టి చూస్తే తెలుస్తుంది.

చెవికి మాత్రం ఇష్టాయిష్టాలు తెలియవు. మన దేశంలో ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి రెట్టింపవుతుంది. లోపలి చెవిలో సన్నటి కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. ఇప్పుడు చాలామంది మెటల్ వాద్యకారులు చెవుల్లో అచ్చుపోసిన బిరడాలు పెట్టుకునే వేదిక ఎక్కుతారు. సిరిసిల్ల షెడ్డులో నైట్ డ్యూటీ కార్మికుడు పక్క సాంచా మీదున్నవాణ్ని చాయ్‌కి పిలవాలంటే నోటితో పిలవడు. చెయ్యెత్తి, బొటనవేలు పెదాల దగ్గర ఆనించి చూపిస్తాడు.