పెరటి మొక్కకు చుక్కల నీరు



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ఎండలు ముదిరితే వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పొలంలో పంట అప్పటికి చాలావరకు ఇంటికి చేరుతుంది గాని, పెరట్లో నాటుకున్న నిమ్మ, జామ, మునగ, కరివేపాకు మొక్కలకు అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. మొదటి రెండు వేసవులు గట్టెక్కితే చాలు, మొక్క వేరు లోతుకు పోయి నిలదొక్కుకుంటుంది. ఆ రెండు వేసవులు గట్టెక్కించడం ఎట్లాగన్నదే ఈనాటి ప్రసంగం.

బిందెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే ఏమవుతుందో ఆలోచించండి. మన నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పోసిన నీరు వేళ్ల దగ్గర నిలవక నెర్రెల వెంట అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన తడి ఎండకు ఆవిరైపోతుంది. మొక్కకు కావలసినది ఒకనాటి వరద కాదు, ఎడతెగని తేమ. ఈ సూత్రం మీదనే ఇజ్రాయెల్ దేశపు ఇంజనీరు సింహా బ్లాస్ చుక్కల సేద్యానికి రూపమిచ్చాడు. 1965లో అక్కడ ఆ సామాను తయారుచేసే సంస్థ వెలిసింది. ఎకరాల మీద తోట వేసేవారికి మన రాష్ట్రంలో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం ఉన్నది. పది మొక్కల పెరటికి అంత హంగు అక్కరలేదు.

కావలసినవి ఇవి: మూత ఉన్న 200 లీటర్ల నీలం డ్రమ్ము, దాని అడుగున బిగించే కుళాయి, తోటల్లో పరిచే 16 మిల్లీమీటర్ల నల్ల పైపు, మొక్కకొకటి చొప్పున సెలైన్ గొట్టాలు. ఈ గొట్టాలు మందుల షాపులో కొత్తవే కొనండి. ఆసుపత్రిలో వాడి పారేసినవి ఊరికే వస్తాయని తేవద్దు. వాటికి రోగి రక్తం అంటి ఉండవచ్చును. కొత్త గొట్టానికి సూది ఉంటే తీసి, గట్టి డబ్బాలో వేసి, పిల్లలకు అందకుండా దాచండి.

డ్రమ్మును మూడడుగుల ఎత్తు అరుగు మీద పెట్టాలి. నిండిన డ్రమ్ము రెండు క్వింటాళ్ల పైన బరువు తూగుతుంది. కనుక కర్రబల్లను నమ్మవద్దు. ఇటుకలతోనో బేతంచెర్ల బండలతోనో అరుగు కట్టండి. కుళాయి నుంచి పైపును మోకాలెత్తు గుంజల మీదుగా నడిపి, చివర మడిచి కట్టండి. ప్రతి మొక్క ఎదుటా పైపుకు రంధ్రం చేసి సెలైన్ గొట్టం మొన గుచ్చండి. రంధ్రం మొనకన్నా కొంచెం చిన్నదైతేనే నీరు పక్కకు కారదు. చుక్కలు కనిపించే బుడ్డి నిటారుగా వేలాడాలి. గొట్టం రెండో కొనను మొక్క మొదలుకు జానెడు దూరంలో నేలకు ఆనించి, పైన వరిగడ్డి గాని శనగపొట్టు గాని కప్పండి.

ఇక లెక్క చూద్దాం. మామూలు సెలైన్ గొట్టంలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. చక్రం తిప్పి నిమిషానికి 60 చుక్కలు పడేటట్లు పెడితే గంటకు 180 మిల్లీలీటర్లు, రాత్రింబవళ్లకు 4 లీటర్ల పైచిలుకు. పది మొక్కలకు రోజుకు 43 లీటర్లు, అంటే సుమారు మూడు బిందెలు. డ్రమ్ము నాలుగు రోజులు వస్తుంది. అయితే ఇది లేతమొక్కల లెక్క. కాపుకు వచ్చిన నిమ్మచెట్టుకు ఇది చాలదు.

నేలనుబట్టి పద్ధతి మారుతుంది. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో తడి పక్కలకు పాకుతుంది, ఒక్క గొట్టం చాలు. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు, కొండ దిగువన గులకరాళ్లు కలిసిన ఎర్రనేలలో నీరు నిట్టనిలువుగా దిగిపోతుంది. అక్కడ మొక్కకు ఇరువైపులా రెండు గొట్టాలు పెట్టి, ఒక్కొక్కదానికి 30 చుక్కలు చొప్పున వదలండి. నీరు అంతే, తడిసే వేళ్లు ఎక్కువ. జానెడు లోతుకు పుల్ల గుచ్చితే చాలిందో లేదో మీకే తెలుస్తుంది.

డ్రమ్ములో మట్టం తగ్గేకొద్దీ చుక్కలు కూడా నెమ్మదిస్తాయి. అందుచేత రోజూ ఒకసారి లెక్కపెట్టి చక్రం సరిచేయాలి. కాలువ నీరైనా బోరు నీరైనా గుడ్డ మడతలలో వడకట్టి పోయండి. పదిహేను రోజులకొకసారి పైపు చివర విప్పి మడ్డి పోనివ్వండి. మూత తీసి ఉంచితే దోమలు పెరుగుతాయి, పాచి పడుతుంది.

గొట్టాల బాదరబందీ వద్దంటారా? మెరుగు లేని మట్టికుండను మెడవరకు మొక్క పక్కన పాతి, నీళ్లు నింపి, మూత పెట్టండి. చుట్టూ మన్ను ఆరేకొద్దీ కుండలోని నీరు ఊరుతుంది. రెండువేల ఏళ్లనాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉన్నది.

ఏది చేసినా సమయం ముఖ్యం. నెర్రెలు విచ్చిన తరువాత చుక్కలు వదిలితే అవీ నెర్రెల పాలే. శివరాత్రి నాటికే డ్రమ్ము అరుగెక్కాలి. ఆలస్యమైతే ముందు పార తీసుకుని నెర్రెలు పూడ్చండి, ఆ తరువాత కుళాయి తిప్పండి.