పార్మా నగరపు చలువరాతి ఫలకము

ఉత్తర ఇటలీయందలి పార్మా నగరపు ప్రధాన క్రైస్తవ దేవాలయమున, దక్షిణపు రెక్కలో ఒక చలువరాతి ఫలకము గోడకు అమర్చబడి యున్నది. వెడల్పు రెండు మీటర్లకు పైచిలుకు. యేసును శిలువనుండి దింపు ఘట్టము అందు చెక్కబడినది. అరిమతయియ యోసేపు ఆ దేహమును నడుమునొద్ద పొదివి పట్టుకొనియున్నాడు. నికొదేము నిచ్చెన యెక్కి ఎడమచేతి మేకును ఊడదీయుచున్నాడు. పైన ఇరువైపుల సూర్యచంద్రులు.

అప్పటికే ఊడివచ్చిన కుడిచేతిని గబ్రియేలు దేవదూత మెల్లగా తల్లి మరియమ్మకు అందించుచున్నాడు. ఆమె దానిని చెక్కిలికి చేర్చుకొనును. రొమ్ము బాదుకొనుట లేదు, జుట్టు విరబోసికొనుట లేదు.

శిల్పి బెనెడెట్టో అంతెలామి. 1178వ సంవత్సరము రెండవ నెలలో దీనిని ముగించినట్లు రాతిపైననే లాటిను భాషలో చెక్కియున్నది. వస్త్రముల మడతలు సన్నని గీతలవలె నున్నవి. జనులు వరుసదీరి కదలక నిలిచియున్నారు. ఇది పనితనపు లోపమని కొందరనుకొనవచ్చును. నాకట్లు తోచదు. అందరును నిశ్చలముగా నుండుటచేతనే వంగిన ఆ యొక్క చేయి కంటికి నాటును.

ఇక శిలువకు ఆవలి ప్రక్క చూడవలెను. పాఠము చెప్పువారు పలువురు అచటికి పోరు. ఇటు మరియమ్మ వైపున క్రైస్తవసంఘము స్త్రీరూపమున, పాత్రయు ధ్వజమును ధరించి తలయెత్తి నిలిచినది. అటు యూదమతము మరియొక స్త్రీ. ఆమె ధ్వజము విరిగినది. రఫాయేలు దేవదూత ఆమె తలపై చేయివైచి క్రిందికి వంచుచున్నాడు. ఆ చెంతనే సైనికులు యేసు అంగీకై చీట్లు వేసికొనుచున్నారు. ఒక దూత చేతిని వంచుట కరుణ; వేరొక దూత తలను వంచుట తిరస్కారము. రెంటిని చెక్కిన ఉలి ఒక్కటే. శిల్పమునందలి యేసు, మరియమ్మ, యోసేపు, నికొదేము అందరును యూదులే యన్న సంగతి నాటివారు మరచిరి కాబోలు!

ఆ భావము రాతితో ఆగలేదు. అంతకు పూర్వమే, 1096లో, రైను నదీతీర నగరములందు యూదులు ఊచకోతకు గురియైరి. 1290లో ఇంగ్లండు రాజు వారిని దేశమునుండి వెడలగొట్టెను. యేసు మరణదోషమును యూదులందరిపై మోపరాదని రెండవ వాటికన్ మహాసభ ప్రకటించునప్పటికి 1965వ సంవత్సరము వచ్చినది. పార్మా ఫలకముపై రఫాయేలు చేయి మాత్రము నేటికిని ఆ స్త్రీ తలపైననే యున్నది.